పన్నెండు మూతలు

కణశాస్త్ర విభాగం, మూడో అంతస్తు, నా గది
ఫిబ్రవరి 9

మరిదిగారికి,

"గారు" అన్నానని కంగారు పడకు. పని ఉండి రాస్తున్నాను, అందుకే ఈ మర్యాద.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే మీ అన్నయ్య పక్కనే కూర్చుని "ఏమంటున్నాడు, ఏమంటున్నాడు" అని నా మోచెయ్యి పొడుస్తూ ఉంటారు. ఈ సంగతి ఆయన చెవిన అప్పుడే పడటం నాకిష్టం లేదు. అందుకని తలుపు వేసుకుని కాగితం తీశాను.

ప్రొఫెసర్ పదవికి ఈసారి నా పేరు కమిటీ ముందుకు వెళ్తోంది. జూన్‌లో కూర్చుంటారు. వాళ్ళు అడిగేవి రెండే: నీ పేపర్లు ఎన్ని అచ్చయ్యాయి, వాటి పేరు ఎంతమంది తమ పేపర్లలో ఎత్తారు. ఈ రెండోదాన్నే సైటేషన్లు అంటాం. నీకు తెలుసు, ఈ ఉత్తరం పక్కనుంచి చదువుతున్న నా తోడికోడలి కోసం చెబుతున్నాను. ఇరవై రెండేళ్ళ చాకిరీకి ముప్ఫై ఒక్క పేపర్లు, వెయ్యీ నలభై సైటేషన్లు తేలాయి. అందులో ఆరువందల పన్నెండు ఒక్క పేపరువే. ఏదో నీకు చెప్పాలా? నువ్వు నా ల్యాబ్‌లో సహాయకుడిగా ఉన్న రోజుల్లో మనిద్దరం చేసిన గీత పేపరే. మిగతా ముప్ఫై దాని భుజాలెక్కి ఊరేగుతున్నాయి.

తోడికోడలికి ఇంకో ముక్క. డిష్ అడుగున కణాలను దుప్పటి పరిచినట్టు పెంచి, మధ్యలో సూదితో గీత గీస్తాం. అటూ ఇటూ ఉన్న కణాలు మెల్లగా పాకి ఆ ఖాళీని పూడుస్తాయి. మా ప్రోటీన్ చుక్క వేస్తే రెట్టింపు వేగంతో పూడుస్తాయని మేం రాశాం. దెబ్బ తగిలిన చోట చర్మం త్వరగా మానాలంటే ఇలాంటివి తెలియాలి. అందుకే అంత పేరొచ్చింది.

ఇప్పుడు ఎక్కడో దూరపు ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి నాకు రాసింది. రెండేళ్ళుగా ప్రయత్నిస్తున్నా మన ఫలితం రావటం లేదట. "మేడమ్, నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో దయచేసి చెప్పండి" అని బతిమాలింది. పాత నోటుబుక్కు తీశాను. ఆ రోజు పేజీలో నీ చేతిరాతతో "అంతా మామూలుగానే" అని ఒక్క ముక్క ఉంది. మామూలుగా అంటే ఏమిటో కాస్త గుర్తు తెచ్చుకుని రాయి. పాపం, ఆ పిల్ల ఎదురుచూస్తోంది.

నీ వదిన


పళ్ళ వర్క్‌షాపు, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 20

వదినా,

కాబోయే ప్రొఫెసర్‌గారికి ముందుగానే నమస్కారం. తర్వాత మీరు మాకు దొరకరు.

మా దగ్గర ఈ సైటేషన్ల గొడవ లేదు. నేను చేసిన పళ్ళ సెట్టు కుదిరితే ఆ పెద్దమనిషి నములుతాడు. కుదరకపోతే కాగితంలో చుట్టి తిరిగి పంపిస్తాడు. పోయిన వారం ఒక రిటైరైన పోస్ట్‌మాస్టర్ అలాగే పంపించాడు. నవ్వితే గుర్రంలా ఉన్నానని ఆయన ఫిర్యాదు. పెట్టి చూపించమన్నాను. నిజమే, పై వరస అర మిల్లీమీటరు పొడుగు. అరగదీసి ఇచ్చాను. ఇప్పుడు అవసరం ఉన్నా లేకపోయినా నవ్వుతున్నాడని వాళ్ళావిడ వచ్చి మళ్ళీ ఫిర్యాదు చేసింది. కింది వరసకు వాడే మైనం కూడా మార్చాం. పాతది ఎండకు సాగుతోంది. కొత్తది భేషుగ్గా ఉంది, రంగు కూడా చిగుళ్ళ రంగులోనే ఉంటుంది. మా యజమాని ఇంకో బల్ల కొంటానంటున్నాడు.

మీరడిగిన సంగతి. పదమూడేళ్ళ కిందటి మాట, ఏం గుర్తుంటుంది చెప్పండి. రోజూ ఎలా చేసేవాళ్ళమో అలాగే చేశాం. ఆ అమ్మాయిని సూది మార్చి చూడమనండి.

ఒకటి అడగనా? ఆ పేపరు పక్కన పెట్టి మిగతా ముప్ఫైతో కమిటీకి వెళ్ళలేరా? ఊరికే అడుగుతున్నాను.

మీ మరిది


నా గది
మార్చి 15

మరిదీ,

నాలుగు పేజీల ఉత్తరంలో మూడున్నర పేజీలు పోస్ట్‌మాస్టర్ పళ్ళే ఉన్నాయి. మైనం రంగు కూడా తెలుసుకున్నాను. నేనడిగినదానికి మాత్రం నాలుగు వాక్యాలు, అవీ నీళ్ళు నమిలినట్టు. నా పెళ్ళినాటికి నువ్వు నిక్కర్లలో ఉన్నావు. నువ్వు ఎప్పుడు వాగుతావో, ఎందుకు వాగుతావో నాకు తెలియదా?

నేనే స్వయంగా ఆ పని మళ్ళీ చేశాను. మూడుసార్లు చేశాను. ప్రోటీన్ వేసిన డిష్‌లోనూ వేయని డిష్‌లోనూ కణాలు ఒకే నడక. ఆఫీసుకు ఆలస్యమైనా తొందరపడని గుమాస్తాల్లా పాకుతున్నాయి. ఎక్కడా రెట్టింపు లేదు, కనీసం పావు వంతు తేడా కూడా లేదు.

ఇది చిన్న విషయం కాదు. ఫలితం తప్పని తేలితే జర్నల్‌కు రాసి పేపరు వెనక్కి తీసుకోవాలి. వెనక్కి తీసుకుంటే నా లెక్కలో సగానికి పైగా ఒక్క రోజులో తుడిచిపెట్టుకుపోతుంది. పదవి సంగతి తర్వాత, "ఫలానా ఆవిడ పేపరు వెనక్కి తీసుకుంది" అనే మాట నా పేరు వెంట తోకలా తిరుగుతుంది. నన్ను నమ్ముకుని ఇద్దరు విద్యార్థులున్నారు. వాళ్ళ పేర్ల వెంట కూడా తిరుగుతుంది. అక్కడ మీ అన్నయ్యేమో జుట్టు కత్తిరించేవాడికీ మందుల షాపువాడికీ "మా ఆవిడ ప్రొఫెసర్" అని చెప్పేసి వచ్చారు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియటం లేదు.

ఆ పేపరు లేకుండా వెళ్ళలేరా అని నువ్వు ఊరికే అడగవు. నీకు తెలిసింది ఏదో ఉంది. ఆ రోజు ఏం జరిగింది?

వదిన


మా ఇల్లు, వంటింటి బల్ల
ఏప్రిల్ 2

వదినా,

ఈ ఉత్తరం ఐదుసార్లు మొదలుపెట్టి చింపేశాను. చివరికి మీ తోడికోడలు పెన్ను నా చేతిలో పెట్టి, "రాసేదాకా లేవకు" అని ఎదురుగా కూర్చుంది. ఆవిడకు కూడా నిన్ననే చెప్పాను.

మన ల్యాబ్‌లో పేర్లు మూతల మీద రాసేవాళ్ళం, గుర్తుందా? డిష్ మీద రాస్తే మైక్రోస్కోప్ కింద అక్షరాలు అడ్డొస్తాయని మీరు పెట్టిన పద్ధతి. ఆ రోజు పన్నెండు డిష్షులు. ఆరింటిలో ప్రోటీన్, ఆరింటిలో ఉత్త నీళ్ళు. ఒక రోజంతా ఉంచాక, కణాలు కదలకుండా మందు పోసి, రంగు వేయటానికి మూతలన్నీ తీసి వరసగా పక్కన పెట్టాను. మీరు మీటింగుకు వెళ్ళారు. నా మోచెయ్యి తగిలి మూతల వరస మొత్తం సింకులో పడింది. పన్నెండూ కలిసిపోయాయి. ఏ మూత ఏ డిష్‌దో తెలిసే దారి లేదు.

రెండు వారాల పని. మీరు రాగానే ఫోటోలు తీయాలి. ఒక్కొక్క డిష్‌నూ మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. సరిగ్గా ఆరింటిలో గీత పూడిపోయింది, ఆరింటిలో తెరుచుకునే ఉంది. ప్రోటీన్ వేస్తే పూడుతుందని మీరు ఏడాదిగా అంటున్నారు కదా. పూడినవాటికి ప్రోటీన్ మూతలు పెట్టాను, మిగతావాటికి నీళ్ళ మూతలు. లెక్క కూడా ఆరుకు ఆరు సరిపోయింది. ఇంకేం, ఇదే సరైన వరస అని నన్ను నేను నమ్మించుకున్నాను.

మీరు వచ్చి ఫోటోలు చూసి ఎగిరి గంతేశారు. నిజంగా గంతేశారు వదినా, స్టూలు పడిపోయింది. ఆ ముఖం చూసి, స్టూలు ఎత్తి నిలబెట్టాను. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు పోయి వారమైంది, వారం పోయి పేపరు అచ్చయింది. అందులో మూడో పేరు నాది.

ల్యాబ్ వదిలేసి పళ్ళ పనిలోకి ఎందుకు వెళ్ళానని అన్నయ్య ఎన్నోసార్లు అడిగాడు. అక్కడ నాకు ఎదుగు బొదుగు లేదని చెప్పాను. అది అబద్ధం. నా చేతులు ఆ పనికి పనికిరావని వెళ్ళిపోయాను. మీ ఎదురుగా రోజూ కూర్చోలేక వెళ్ళిపోయాను.

ఏమన్నా అనండి, పడతాను.

మరిది


నా గది
ఏప్రిల్ 10

ఉత్తరం అందింది. ఇప్పుడు ఏం రాసినా నేను తర్వాత బాధపడే మాటలే వస్తాయి. కొన్నాళ్ళు నాకు రాయకు.


పళ్ళ వర్క్‌షాపు
ఏప్రిల్ 28

వదినా,

రాయవద్దన్నారు, రాస్తున్నాను. ఒక్క పేజీ, మళ్ళీ విసిగించను.

నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. మీరు భోజనానికి కూర్చుని గరిటె చేతిలో పెట్టుకుని గోడను చూస్తున్నారట. "మీ వదినకు ఏదో అయింది, నీకేమైనా చెప్పిందా?" అని అడిగాడు. ఏమీ తెలియదన్నాను. పదమూడేళ్ళ కిందటి అబద్ధం చాలదని ఇంకొకటి ఆడాను. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ పని చేసింది నేను. జర్నల్‌కు నేనే రాస్తాను. మూతలు పడేసిందీ, ఇష్టమొచ్చినట్టు సర్దిందీ, దాచిందీ నేనని నా సంతకంతో రాస్తాను. మీకు తెలియదని రాస్తాను, అది నిజమే కదా. కమిటీ ముందు మీరు తల దించుకోవాల్సిన పని లేదు. ఆ చిరునామా పంపితే చాలు, ఇంకేమీ రాయక్కర్లేదు.

ఇక్కడ నా పని కూడా తిన్నగా సాగటం లేదు. నిన్న ఒక పెద్దావిడ సెట్టులో కుడి వైపు పన్ను ఎడమ వైపు పెట్టేశాను. మా యజమాని చూసి టీ తెప్పించాడు.

మరిది


నా గది
మే 12

మరిదీ,

నిన్ను తిట్టటానికి ఒక ఉత్తరం రాసుకున్నాను. చాలా బాగా వచ్చింది. నా ముప్ఫై ఒక్క పేపర్లలోనూ అంత ధారగా ఎక్కడా రాయలేదు. అది చింపేశాను, ఎందుకో చెబుతాను.

ఒళ్ళు మండిపోయి, అసలు నువ్వు చెప్పింది నిజమేనా అని పాత ఫోటోలన్నీ దించాను. మనం రెండు విడతలు ఫోటోలు తీశాం. గీతలు గీయగానే ఒక విడత, అప్పటికి మూతలు సరిగ్గానే ఉన్నాయి. మర్నాడు రంగు వేశాక రెండో విడత. పేపరులో వేసింది రెండో విడతే. మొదటిది ఎవరూ చూడలేదు, నేను కూడా చూడలేదు. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను.

ఆ పన్నెండు గీతలూ ఒక చేతివి కావయ్యా. ఆరు నావి, ఆరు నీవి. నా గీతలు సన్నగా, తిన్నగా ఉన్నాయి. నీవి వెడల్పుగా, చివర్లో కొక్కెంలా వంకర తిరిగి ఉన్నాయి, సూది ఎత్తేటప్పుడు నీ మణికట్టు తిప్పేవాడివి కాబట్టి. మొదటి విడతలో ప్రోటీన్ డిష్షుల్లో మూడు సన్నవి, మూడు వెడల్పువి. రెండో విడతలో ప్రోటీన్ మూత కింద ఆరూ సన్నవే, కణాలు పూడ్చినా డిష్ అడుగున సూది గాటు కనిపిస్తుంది కదా. నీళ్ళ మూత కింద ఆరూ కొక్కేలే. సన్న గీత ఒక రోజులో పూడింది, వెడల్పు గీత పూడలేదు. అంతే జరిగింది. ప్రోటీన్ ఏమీ చేయలేదు. ఆరువందల పన్నెండు మంది పేరెత్తింది నీ చేతికీ నా చేతికీ ఉన్న తేడాను.

అది అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఒంటరిగా గదిలో కూర్చుని పెద్దగా నవ్వాను. పక్కగది క్లర్కు తలుపు తట్టి, "అంతా బాగేనా మేడమ్?" అని అడిగాడు.

ఆ తర్వాత ఇంకొకటి గుర్తొచ్చింది. నేను గంతేసిన మర్నాడు నువ్వు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఇంకోసారి చేసి చూద్దామా వదినా?" అన్నావు. నాకు బాగా గుర్తుంది. "బాగా వచ్చినదాన్ని కెలకటం దేనికి?" అని నిన్ను పంపించేశాను. నీ ఉత్తరంలో నువ్వు ఈ మాట రాయలేదు. మరిచిపోయావో, నన్ను కాపాడాలనుకున్నావో నాకు తెలియదు. మూతల మీద పేర్లు రాయించింది నేను. సూది ఇద్దరి చేతికీ ఇచ్చింది నేను. నేను వినాలనుకున్నదే ఫోటోల్లో విన్నాను. ఇందులో నీ తప్పు సగమే, రెండో సగం నాకు వదిలెయ్యి.

అందుకని జర్నల్‌కు నువ్వొక్కడివే రాయటం కుదరదు. మనిద్దరి పేరుతో రాశాను. మూతలు, గీతలు, మళ్ళీ చేయకపోవటం, అన్నీ ఉన్నాయి. రెండో పేరు మా పాత గురువుగారిది, ఆయన లేరు కాబట్టి మన రెండు సంతకాలు చాలు. ఇందులో పెట్టిన కాగితం మీద నీది చేసి పంపు.

మీ అన్నయ్యకు కూడా చెప్పేశాను. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "అయితే మందుల షాపుకు రేపటి నుంచి వేరే దారిలో వెళ్తాను" అన్నారు. తర్వాత చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. రెండు నెలలుగా ఎందుకు చెప్పలేదా అని నన్ను నేను తిట్టుకున్నాను.

కమిటీకి ఇచ్చే జాబితాలో ఆ పేపరు కొట్టేశాను. ఇప్పుడు ముప్ఫై పేపర్లు, నాలుగువందల ఇరవై ఎనిమిది సైటేషన్లు. ఇంకో పని కూడా నెత్తిన వేసుకున్నాను. ఆ ఆరువందల పన్నెండు పేపర్లూ తిరగేశాను. ఎక్కువమంది మొదటి పేజీలో మర్యాదకు మన పేరు చెప్పి ముందుకు వెళ్ళిపోయారు. కొందరు మనం అననిది కూడా అన్నామని రాశారు. నిజంగా మన ఫలితం మీద తమ పని కట్టుకున్నవాళ్ళు పందొమ్మిది మంది. వాళ్ళకు ఒక్కొక్కరికీ విడిగా రాస్తున్నాను. అందరికంటే ముందు ఆ అమ్మాయికి రాశాను.

వదిన


పళ్ళ వర్క్‌షాపు
మే 25

వదినా,

సంతకం చేసి పంపుతున్నాను.

మీ ఉత్తరం వర్క్‌షాపులోనే చదివాను. కొక్కేల దగ్గరికి వచ్చేసరికి నాకూ నవ్వు ఆగలేదు. మణికట్టు తిప్పే అలవాటు ఇప్పటికీ ఉంది. పన్ను అంచు గుండ్రంగా రావాలంటే అలాగే తిప్పాలి, ఇక్కడ అందరూ దాన్నే మెచ్చుకుంటారు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. మా యజమాని ప్లాస్టర్ దుమ్ము కళ్ళల్లో పడిందేమో అని నీళ్ళు తెచ్చాడు.

ఇంకోసారి చేద్దామన్న మాట మరిచిపోలేదు వదినా. అది రాస్తే తప్పు మీ మీదికి నెట్టినట్టు ఉంటుందని రాయలేదు.

పదమూడేళ్ళుగా లోపల ఏదో అడ్డం పడి ఉన్నట్టుండేది. నిన్న హాయిగా భోంచేశాను. మీ తోడికోడలు గిన్నె చూసి, "ఇలాగైతే మళ్ళీ వండాలి" అంది. కమిటీ ఏమందో రాయండి. ఏమన్నా ఫరవాలేదని మాత్రం అనను. నాకు గుండె కొట్టుకుంటూనే ఉంటుంది.

మరిది


నా గది
జులై 3

మరిదీ,

నీ గుండె సంగతి ముందు చూద్దాం. కమిటీ కూర్చుంది. పొడుగు బల్లకు అటు ఐదుగురు, ఇటు నేనొక్కదాన్ని. పెద్దాయన నా కాగితాలు తిరగేసి, "పోయిన ఏడాది మీరిచ్చిన వార్షిక పత్రంలో వెయ్యి దాటిన లెక్క ఈసారి సగమైందేం?" అన్నారు. చెప్పాను. మూతలతో సహా చెప్పాను. ఒకాయన పక్కాయన వంక చూశారు. నేను గ్లాసులో నీళ్ళన్నీ తాగేశాను. చివర కూర్చున్న ఒకావిడ, "మా ల్యాబ్‌లో కూడా మూతల మీదే రాస్తారు" అని తన పుస్తకంలో ఏదో రాసుకుంది.

పదవి ఈ ఏడాది ఇవ్వలేదు. పేపరు వెనక్కి వెళ్ళిన ఏడాదిలో ఇవ్వటం బాగుండదని, వచ్చే ఏడాది మళ్ళీ రమ్మని రాశారు. ల్యాబ్ ఉంది, విద్యార్థులు ఉన్నారు, నా పేరు వెంట తోక కూడా ఉంది. ఉండనీ, రోజూ చూసుకుంటుంటే అలవాటవుతుంది. కాగితం తీసుకుని మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా అనిపించాయి. ఇదేమిటి, ఓడిపోయి వస్తూ ఇంత హాయిగా ఉందేమిటి అని నాకే సిగ్గేసింది. మీ అన్నయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నా ముఖం చూసి వచ్చేసిందనుకుని చేతులెత్తారు. రాలేదని చెబితే, "మరి ఆ నవ్వేమిటి?" అన్నారు.

పందొమ్మిది మందిలో పద్నాలుగు మంది జవాబిచ్చారు. ఇద్దరు కోప్పడ్డారు, వాళ్ళ కోపం న్యాయమే. నలుగురు కృతజ్ఞతలు చెప్పి ఊరుకున్నారు. ఎనిమిదిమంది ఇంచుమించు ఒకే మాట రాశారు: మాకు కూడా మీ ఫలితం రాలేదు, లోపం మాదే అనుకుని బయటికి చెప్పలేదు అని. అందరూ మన పేరెత్తారు, ఒక్కరూ మన మీద వేలెత్తలేదు. ఆరువందల పన్నెండు అని మురిసిపోయిన అంకెలో ఇంత మౌనం ఉందని నాకు తెలియదు.

ఆ అమ్మాయి జవాబు అన్నిటికంటే ఆలస్యంగా, నిన్న వచ్చింది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను, చూడు:

"మేడమ్, మీ ఉత్తరం వచ్చిన రోజు నేను ల్యాబ్ వదిలేస్తానని కాగితం రాసి మా గురువుగారికి ఇచ్చి ఉన్నాను. కారణం అన్నచోట 'నా చేతులు ఈ పనికి పనికిరావు' అని రాశాను. రెండేళ్ళు అందరూ చెబితే నేనూ నమ్మాను. మీ ఉత్తరాన్ని ఆయన బల్ల మీద పెట్టి నిలబడ్డాను. ఆయన రెండుసార్లు చదివి, లేచి, నా కాగితం నాకే ఇచ్చేసి, కూర్చోమని కుర్చీ లాగారు. అమ్మకు ఫోన్ చేసి ఏడుస్తుంటే ఏం పోయిందోనని భయపడింది. ఏమీ పోలేదమ్మా అని చెప్పటానికి చాలాసేపు పట్టింది."

అది చదివి నిన్ను తలుచుకున్నాను. నీకు ఆ రోజుల్లో ఎవరూ కుర్చీ లాగలేదు. నేనే లాగాల్సింది, నాకు తెలియలేదు. నన్ను క్షమించు.

ఆ పిల్ల సోమవారం నుంచి కొత్త పని మొదలుపెడుతోందట. ఏం పని అని నేనడగలేదు. దానికి మన పేపరు చదవక్కర్లేదట, హమ్మయ్య.

నీ వదిన